జాక్‌హామర్ సైలెన్సర్ తొడుగు: మోత ఎంత తగ్గిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

గ్రానైట్ క్వారీలో లైన్ డ్రిల్లింగ్, అంటే రాయి విడగొట్టడానికి వరసగా హోల్స్ వేసే పని, నడిచే బెంచి (రాతి మెట్టు) మీద ఐదారు జాక్‌హామర్లు ఒక్కసారి ఆడుతుంటే, పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. చీమకుర్తి గెలాక్సీ క్వారీలైనా, కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ క్వారీలైనా తేడా లేదు. మిషన్ కూడా ఇంచుమించు ఒకటే: పాతిక కిలోలకు అటూ ఇటూ బరువు, 22 మి.మీ. హెక్స్ (ఆరు పలకల) రాడ్డు, 108 మి.మీ. షాంకు (రాడ్డులో మిషన్ లోపలికి దూరే కొస), 5–6 బార్ ఒత్తిడి గాలి. ఈ మిషన్ ఎగ్జాస్టుకు తొడిగే సైలెన్సర్ మీద ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: కొనాల్సిన వస్తువే, ఒక్క మిషన్‌కు కూడా లేకుండా ఉండకూడదు. కానీ డబ్బా మీద అచ్చేసిన అంకెను నమ్మి చెవి మఫ్‌లు (చెవులను పూర్తిగా మూసే డిప్పలు) పక్కన పడేస్తే డ్రిల్లర్ చెవులు పోవడం ఖాయం. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

జాక్‌హామర్ మోత మూడు చోట్ల పుడుతుంది. మొదటిది ఎగ్జాస్టు. పిస్టన్ నిమిషానికి సుమారు 2,000 దెబ్బలు కొడుతుంది. కిందికి వెళ్ళినప్పుడూ పైకి వచ్చినప్పుడూ వాడేసిన గాలి పోర్టు లోంచి ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. ఆ చిమ్మడమే అన్నిటికన్నా పెద్ద మోత. రెండోది రాడ్డు. పిస్టన్ దెబ్బకు రాడ్డు గంటలా మోగుతుంది, అదీ చెవికి బాగా గుచ్చుకునే సన్నటి స్థాయిలో. మూడోది మిషన్ బాడీ. సైలెన్సర్ మొదటి దాన్నే పట్టుకుంటుంది. మిగతా రెండిటితో దానికి సంబంధం లేదు.

డెసిబెల్స్ మామూలు కూడికల్లా కలవవు, అందుకే అమ్మేవాళ్ళ అంకె కొనేవాళ్ళను తప్పుదోవ పట్టిస్తుంది. ఉదాహరణకు డ్రిల్లర్ చెవి దగ్గర ఎగ్జాస్టు 114, రాడ్డూ బాడీ కలిపి 108 డెసిబెల్స్ అనుకోండి. రెండూ కలిస్తే 115. ఇప్పుడు సైలెన్సర్ పెట్టి ఎగ్జాస్టును 10 డెసిబెల్స్ తగ్గించారు, 104కి దిగింది. మొత్తం 105కు వస్తుందనుకుంటాం. రాదు. 104, 108 కలిసి 109.5 అవుతాయి. అంటే పది తగ్గించే సైలెన్సర్ చెవికిచ్చేది ఐదున్నర. ఇంకా ఖరీదైనది కొని ఎగ్జాస్టును మరో పది, అంటే 94కి దింపినా మొత్తం 108.2 దగ్గరే నిలబడుతుంది. రెట్టింపు డబ్బు పెట్టి రెండు చాంబర్ల సైలెన్సర్ కొనేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. అక్కడి నుంచి ఖర్చు పెట్టాల్సింది రాడ్డు మీద.

అయితే ఐదున్నర చిన్న విషయం అనుకోవద్దు. అమెరికా గనుల నియమాల ప్రకారం 90 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి 5 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. దీనికన్నా కఠినంగా, 85 దగ్గర మొదలుపెట్టి ప్రతి 3 డెసిబెల్స్‌కు సగం చేయమని చెప్పే లెక్క కూడా ఉంది. చెవులకు అదే క్షేమం. మన దేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, 1975లో ఇచ్చిన సర్క్యులర్‌లో 85 దగ్గర హెచ్చరిక గీత, 90 దగ్గర ప్రమాద గీత గీసింది. 115 దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా మనిషిని పంపకూడదని కూడా అందులోనే ఉంది. సైలెన్సర్ లేని జాక్‌హామర్ ఈ మూడో గీత మీదే కూర్చుని ఉంటుంది. గని మోతతో వచ్చే చెవుడును 2011లో గనుల చట్టం కింద నోటిఫైడ్ జబ్బుల జాబితాలో చేర్చారు. కాబట్టి ఇది యజమాని ఇష్టాయిష్టాల మీద నడిచే వ్యవహారం కాదు.

ఇక వస్తువు సంగతి. బజారులో మూడు రకాలు దొరుకుతాయి. మిషన్‌తో పాటే కంపెనీ బిగించి ఇచ్చేది ఒకటి. పెద్ద తయారీదారుల్లో చాలామంది అదే మోడల్‌ను సైలెన్సర్‌తోనూ, లేకుండానూ అమ్ముతారు. ఆర్డర్ చేసేటప్పుడు అడగాలి, అడగకపోతే చవకది వస్తుంది. రెండోది పాత మిషన్‌కు సిలిండర్ చుట్టూ తొడిగి క్లాంపులతో బిగించే రబ్బరు లేదా పాలీయురేతేన్ తొడుగు. మూడోది లోకల్ లేత్ షాపులో రేకుతో చేయించే డబ్బా. మూడిట్లో క్వారీకి సరిపోయేది రెండోదే అన్నది మా అభిప్రాయం. కారణం మంచు.

నలభై డిగ్రీల ఎండలో మంచేమిటి అనిపిస్తుంది గానీ, ఈ వస్తువు పనికిరాదని తీసి పారేసిన క్వారీల్లో చాలా వాటికి అసలు కారణం అదే. 6 బార్ల గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు దాని ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. గాలిలో తేమ ఉంటే ఎగ్జాస్టు పోర్టు దగ్గర, సైలెన్సర్ లోపలి గోడల మీద తెల్లగా పేరుకుంటుంది. పోర్టు సన్నబడుతుంది, వెనక్కి ఒత్తిడి పెరుగుతుంది, దెబ్బ మెత్తబడుతుంది, చివరికి మిషన్ ఆగిపోతుంది. డ్రిల్లర్ స్పానర్ తీసుకుని సైలెన్సర్ ఊడదీస్తాడు, మిషన్ మళ్ళీ ఆడుతుంది, ఆ తొడుగు ఇక షెడ్డులో మూలన పడుతుంది. రేకు డబ్బాలో మంచు గట్టిగా అంటుకుంటుంది. పాలీయురేతేన్ గోడ ప్రతి దెబ్బకూ కాస్త వంగుతూ ఉంటుంది కాబట్టి మంచు పలక కట్టేలోపే రాలిపోతుంది. వానాకాలంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మంచుకు అసలు మందు సైలెన్సర్‌లో లేదు, గాలి లైన్‌లో ఉంది. కంప్రెసర్ రిసీవర్ (గాలి నిలవ ఉండే ట్యాంకు) అడుగున ఉండే డ్రెయిన్ కాక్‌ను షిఫ్టు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి తెరిచి, నీళ్ళు ఆగి ఒట్టి గాలి వచ్చేదాకా వదలాలి. లైన్‌లో జాక్‌హామర్లకు ముందు వాటర్ సెపరేటర్ ఉండాలి. హోసులు బెంచి మీద పల్లంలో పడి ఉంటే అక్కడ నీళ్ళు చేరతాయి, కొత్త మిషన్ తగిలించే ముందు హోసు ఊది నీళ్ళు వెళ్ళగొట్టాలి. గాలి లైన్‌లో నూనె కలిపే ఆయిలర్‌లో రాక్ డ్రిల్ ఆయిలే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే పిస్టన్ మీది పొరను నీళ్ళు కడిగేస్తాయి. ఆయిల్ సరిపోతోందా లేదా తెలుసుకోవడం సులువు: మిషన్ ఆపి రాడ్డు బయటికి లాగి షాంకును వేలితో రుద్దితే సన్నటి నూనె పొర అంటాలి. పొడిగా ఉంటే ఆయిలర్ తెరవాలి. నూనె కారుతుంటే తగ్గించాలి, లేకపోతే అది సైలెన్సర్ లోపల రాతి దుమ్ముతో కలిసి జిడ్డు ముద్దై మంచు చేసే పనే చేస్తుంది.

బిగించే పద్ధతిలోనూ రెండు మూడు మెలికలున్నాయి. ముందు పోర్టు చుట్టూ బాడీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టాలి. జిడ్డు మీద తొడుగు జారుతుంది, జారితే లోపలి గది పోర్టుకు ఎదురుగా ఉండదు. తొడుగు అంచు బాడీకి ఆనే చోట చుట్టూ సందు లేకుండా కూర్చోవాలి. వేలి గోరు దూరేంత సందున్నా మోత అందులోంచే వస్తుంది, అంత డబ్బు పెట్టిన ఫలితం అక్కడే పోతుంది. క్లాంపులు రెండిటినీ ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చి, ఓ గంట పని చేశాక మళ్ళీ ఒకసారి బిగించాలి. కంపనానికి మొదటి రోజు తప్పకుండా వదులవుతాయి. బయటికి పోయే ద్వారం డ్రిల్లర్ మొహం వైపు ఉండకూడదు, పక్కనున్న హెల్పర్ వైపూ ఉండకూడదు, నేల వైపు అసలే వద్దు. నేల వైపు పెడితే హోల్ చుట్టూ ఉన్న పొడిని ఎగజిమ్ముతుంది, గ్రానైట్ పొడిలో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉంటుంది. ముందుకు, కాస్త పక్కకు తిప్పి పెట్టడం మంచిది.

కొనేటప్పుడు ఒక్క కొలత అడగండి: బయటి ద్వారం వైశాల్యం. అది మిషన్ ఎగ్జాస్టు పోర్టు వైశాల్యం కన్నా తక్కువ ఉండకూడదు. తక్కువైతే మోత ఎంత తగ్గినా వెనక్కి ఒత్తిడి పెరిగి డ్రిల్లింగ్ నెమ్మదిస్తుంది. నెమ్మదించిన మిషన్‌తో అదే హోల్‌కు ఎక్కువసేపు మోత తినాలి, పైగా మీటర్ల లెక్కన కూలి తీసుకునే డ్రిల్లర్ దాన్ని ఒక్క పూట కూడా ఉంచుకోడు. అతని తప్పు లేదు. అందుకే బేరం కుదిరే ముందు పరీక్ష పెట్టాలి. ఒకే బెంచి, ఒకే మిషన్, కొత్తగా సాన పట్టిన అవే రాడ్లు, గేజి మీద ఒకే ఒత్తిడి. సైలెన్సర్ లేకుండా మూడు హోల్స్, పెట్టి మూడు హోల్స్, ఒక్కోటి 1.6 మీటర్ల లోతు. సమయం నూటికి ఐదు వంతులకు మించి పెరిగితే ఆ మోడల్ వద్దు.

మోత కొలవడానికి ఫోన్ యాప్‌లు పనికిరావు. వాటి మైకు ఇంత పెద్ద మోతను మోయలేక ఒక స్థాయి దగ్గర చదునైపోతుంది, సైలెన్సర్ ఉన్నా లేకున్నా అదే అంకె చూపిస్తుంది. క్లాస్ 2 రకం సౌండ్ లెవెల్ మీటర్ అద్దెకైనా తెచ్చుకోవాలి. మీటర్‌లో ‘A’ వెయిటింగ్ (చెవి వినే తీరుకు దగ్గరగా కొలిచే సెట్టింగు), స్లో రెస్పాన్స్ పెట్టి, మైకుకు గాలి స్పాంజి తొడిగి, డ్రిల్లర్ చెవికి జానెడు దూరంలో పట్టుకోవాలి. ముందూ వెనకా క్యాలిబ్రేటర్‌తో సరిచూడాలి. హోల్ మొదలుపెట్టేటప్పుడు ఒక రీడింగు, మీటరు దిగాక ఒక రీడింగు తీస్తే రాడ్డు వాటా ఎంతో బయటపడుతుంది. మొదట్లో రాడ్డంతా గాల్లో ఉంటుంది, మోత బాగా ఎక్కువ. దిగేకొద్దీ రాడ్డును రాయి మింగేస్తుంది, మోగే ఇనుము తగ్గుతుంది.

ఇక్కడే సైలెన్సర్‌కు తోడు కావలసిన పని దొరుకుతుంది. హోల్ మొదలుపెట్టడానికి 0.8 మీటర్ల రాడ్డే వాడాలి, తర్వాతే 1.6, ఆపై 2.4. రాడ్డు మార్చే బద్ధకంతో నేరుగా పొడుగు రాడ్డుతో మొదలుపెడితే ఆ మొదటి అర మీటరు మోత వర్ణించలేం, రాడ్డు కూడా వంగుతుంది. ఒకసారి వంగిన రాడ్డు ఆ తర్వాత ప్రతి హోల్‌లోనూ అడ్డంగా కొట్టుకుంటూ మోగుతూనే ఉంటుంది. దాన్ని సమతలమైన రాయి మీద దొర్లించి చూసి పక్కన పెట్టాలి. షాంకును పట్టి ఉంచే చక్ బుషింగ్ అరిగితే షాంకు అందులో ఊగుతుంది, పిస్టన్ దెబ్బ నడిమధ్యన పడదు, ఆ వంకర దెబ్బకు రాడ్డు మోతా పెరుగుతుంది, షాంకూ చిట్లుతుంది. కంపెనీ ఇచ్చే గేజి పెట్టి నెలకోసారి చూడాలి. ఉలి బిట్టు అంచు చదునై 3 మి.మీ. దాకా పోకముందే సాన పట్టాలి. మిషన్ మీద బరువు చాలకపోతే రాడ్డు రాతిని వదిలి ఎగురుతూ గలగలలాడుతుంది. గలగల వినపడిందంటే నొక్కడం తక్కువైందని అర్థం.

రాడ్డుకు రబ్బరు కాలర్లు, పొరల తొడుగులు వేసే ప్రయత్నాలు చాలా జరిగాయి. మోత తగ్గుతుంది గానీ జాక్‌హామర్ మీద అవి వేడికీ రాపిడికీ తట్టుకోవడం కష్టం, హోల్‌లోకి దిగే భాగానికి ఎలాగూ వేయలేం. బొగ్గు గనుల్లో కప్పుకు బోల్టులు వేసే మిషన్ల విషయంలో అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ బిట్టుకూ రాడ్డుకూ మధ్య రబ్బరుతో చేసిన ఐసోలేటర్‌ను, రాడ్డు చుట్టూ ముడుచుకునే తొడుగును తయారు చేయించింది. అక్కడ రాడ్డు తిరుగుతుందే తప్ప ఇలా దెబ్బలు తినదు, అందుకే అది సాధ్యపడింది. దాన్ని చూపించి జాక్‌హామర్‌కూ పనిచేస్తుందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

గాలి లీకుల మాట కూడా చెప్పాలి. కప్లింగు దగ్గర 3 మి.మీ. కన్నం 7 బార్ల వద్ద సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి వదిలేస్తుంది. మోతకు మోత, డీజిల్‌కు డీజిల్. వాషరు మారిస్తే పోయే దానికి ఎవరూ సైలెన్సర్ అమ్మరు కాబట్టి దాని ఊసెవరూ ఎత్తరు. కంప్రెసర్ తలుపులు ఎండాకాలంలో వేడెక్కుతోందని తెరిచి నడపడం మరో అలవాటు. రేడియేటర్, కూలర్ మడతల్లో కూరుకున్న దుమ్ము ఊదేస్తే మూసిన తలుపులతోనే నడుస్తుంది. మూసి నడపడానికే ఆ డబ్బాను కంపెనీ డిజైన్ చేసింది.

ఇప్పుడు చెవి మఫ్‌లతో కలిపి లెక్క. త్రీఎం పెల్టర్ ఎక్స్5ఏ లాంటి బరువైన మఫ్‌కు ఎన్‌ఆర్‌ఆర్, అంటే మోత ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే రేటింగు, 31. ఇది ల్యాబ్ అంకె. క్వారీలో చెమట, కళ్ళజోడు కాడ, తలపాగా గుడ్డ, ఇవన్నీ సందులు చేస్తాయి. అందుకని ఏడు తీసేసి, మిగిలిన దాన్ని సగం చేసి లెక్కపెట్టే పద్ధతి ఉంది: 12 డెసిబెల్స్. లోపల ప్లగ్గులు కూడా పెట్టుకుంటే మరో 5 కలుపుకోవచ్చు, మొత్తం 17. సైలెన్సర్ లేని 115 నుంచి 17 తీస్తే 98, పైన చెప్పిన 5 డెసిబెల్స్ లెక్కలో మిషన్ ఆడించగలిగే సమయం రెండు గంటల నలభై నిమిషాలకు మించదు. సైలెన్సర్ ఉన్న 109.5 నుంచి తీస్తే 92.5, సమయం ఐదు గంటల నలభై నిమిషాల దాకా వస్తుంది. షిఫ్టులో రాడ్డు మార్చడం, జరగడం, అన్నం తినడం పోగా ఒక్కో డ్రిల్లర్ చేతిలో మిషన్ నిజంగా ఆడేది ఆ పరిధిలోకి తెచ్చుకోవచ్చు. ఈ సైలెన్సర్ విలువ నిజంగా తెలిసేది ఇక్కడే. ఒంటరిగా అది ఎవరినీ కాపాడదు, మఫ్, ప్లగ్గు పక్కన చేరినప్పుడు పని గంటల్ని రెట్టింపు చేస్తుంది.

మఫ్‌ను గంటలో సగంసేపు తీసేస్తే, అది ఎంత గొప్పదైనా శక్తి లెక్కలో, అంటే పైన చెప్పిన 3 డెసిబెల్స్‌కు సగం చేసే పద్ధతిలో, దక్కేది 3 డెసిబెల్సే. ఎండలో చెవులు ఉడికిపోయి తీసేస్తారు, ఇది తిట్టి మాన్పించే విషయం కాదు. చెమట పీల్చే గుడ్డ కవర్లు ఇవ్వాలి, గంటకోసారి మోతకు దూరంగా నీడలో పది నిమిషాలు తీసి కూర్చోనివ్వాలి. నురగ ప్లగ్గులు దుమ్ము చేతులతో నలిపి పెట్టుకుంటే చెవిలో పుండ్లు పడతాయి. క్వారీకి దారంతో ఉండే, కడిగి వాడుకునే అచ్చు ప్లగ్గులు నయం. నురగవే వాడితే చేతులు కడుక్కుని, సన్నగా చుట్టి, ఇంకో చేత్తో తల మీదుగా చెవిని పైకి లాగి పట్టుకుని లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. ఇన్ని అడ్డాలు పెట్టుకున్నాక కేకలు వినపడవు కాబట్టి రాయి జరిగినా, బ్లాస్టింగు ఉన్నా చేతి సైగలూ ఎర్రజెండా ముందే అందరికీ నేర్పి ఉంచాలి.

గొలుసు చక్రాల మీద నడిచే పెద్ద క్రాలర్ డ్రిల్లుల వాళ్ళకు ఈ తొడుగుతో పనిలేదు. డీటీహెచ్ (డౌన్ ద హోల్) హామర్ రాడ్డు చివరనే ఉండి హోల్‌లోకి దిగిపోతుంది కాబట్టి మొదటి మీటరు దాటాక మోత తనంతట తనే తగ్గుతుంది. రాడ్డును పైనుంచి కొట్టే టాప్ హామర్ రిగ్గుల్లో రాడ్డు మోతను ఆపడానికి ఫీడు (హామర్ జారుతూ దిగే పట్టె) చుట్టూ పెట్టె కట్టే సైలెన్స్‌డ్ మోడల్స్ ఉన్నాయి, ఎపిరాక్ స్మార్ట్‌రాక్ వరుసలోనూ దొరుకుతాయి. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లాంటి చోట పెద్ద డ్రిల్లులకు క్యాబిన్ ఉంటుంది, అక్కడ చూడాల్సింది తలుపు రబ్బరు, ఏసీ. ఏసీ పాడైన రోజున తలుపు తెరుచుకుంటుంది, తలుపు తెరుచుకుంటే క్యాబిన్ లేనట్టే.

గ్రానైట్‌లో వీలున్న ప్రతి కోతనూ డైమండ్ వైర్ సా (వజ్రపు పూసల తీగతో రాయి కోసే మిషన్)కు మార్చుకుంటే, వైరు దూర్చడానికి ఎదురెదురుగా కలిసే కొన్ని హోల్స్ తప్ప లైన్ డ్రిల్లింగే ఉండదు, ఏ సైలెన్సర్ కన్నా అది మిన్న. మార్చలేని బెంచిల్లో జాక్‌హామర్ ఆడక తప్పదు. అక్కడికి పాలీయురేతేన్ తొడుగు తెప్పించుకునేటప్పుడు మీ మిషన్ మోడల్ నంబరు, ఎగ్జాస్టు పోర్టు పొడవు వెడల్పులు రాసి పంపండి. ప్రతి పది మిషన్లకు రెండు క్లాంపు సెట్లు, ఒక తొడుగు అదనంగా తెప్పించి ఉంచండి. చీలిన తొడుగును తీగతో కట్టి వాడొద్దు. చీలిక దగ్గర గాలి ఈల వేస్తుంది, ఆ ఈల చెవికి చెడ్డది.